నేను వెళ్ళని ఆని కెథీడ్రల్

ఆర్కిటెక్చర్ కాలేజీలో నేను కట్టడాల చరిత్ర చెప్పేవాణ్ణి. మధురవాడలో కొండవాలున ఉన్న ప్రైవేటు కాలేజీ అది. క్లాసు కిటికీలోంచి చూస్తే ఒకవైపు ఐటీ ఆఫీసుల అద్దాలు, ఇంకోవైపు అపార్ట్‌మెంట్ల సందులో పెన్సిలు గీతంత సముద్రం కనిపించేవి. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇప్పటికీ నన్ను ఒక మాట అడుగుతుంటారు. మీరు పాఠం చెప్పిన కట్టడాల్లో ఎన్నింటిని కళ్ళారా చూశారు సార్ అని. చాలా కొద్ది అంటాను. వాళ్ళు జాలి పడతారు. జాలి నాకు సరిపడదు. అందుకే ఆ కొద్దిలో చేరని ఒక కట్టడం గురించి, దాన్ని చూసి వచ్చిన మనిషి గురించి, ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఆని అనే ఊరు ఇప్పుడు లేదు. టర్కీకి తూర్పు చివర, ఆర్మేనియా సరిహద్దు నది ఒడ్డున, గడ్డి మైదానంలో దాని గోడలూ కొన్ని చర్చిలూ మిగిలాయి. వెయ్యేళ్ళ కిందట అది ఆర్మేనియన్ రాజుల రాజధాని. అక్కడి పెద్ద చర్చిని, అంటే కెథీడ్రల్‌ని, ఒక రాజు మొదలుపెట్టి మధ్యలో చనిపోయాడు. తర్వాత గద్దెనెక్కిన తమ్ముడి భార్య దాన్ని పూర్తి చేయించింది. ఆ సంగతి గోడ మీద చెక్కించింది కూడా. బయటి నుంచి చూస్తే రాతిపెట్టెలా నిరాడంబరంగా ఉంటుంది. లోపలికి వెళితే వేరే లోకం. సన్నని కర్రలన్నీ మోపు కట్టి నిలబెట్టినట్టున్న నాలుగు స్తంభాలు, వాటి మీదినుంచి లేచే మొనదేరిన కమానులు. ఇలాంటివి ఫ్రాన్సులో కనిపించడానికి ఇంకా నూరేళ్ళకు పైగా పట్టింది. అయినా పుస్తకాలన్నీ ఫ్రాన్సునే పొగుడుతాయి. వాళ్ళు వీళ్ళ దగ్గర నేర్చుకున్నారని ఎవరూ రుజువు చెయ్యలేదు, నేనూ అనను. కాని ముందు చేసినవాడి పేరు ముందు రావాలి కదా. ఈ మాట దగ్గర నా గొంతు పెరిగేదని పిల్లలు చెప్పుకునేవారట. పెరిగితే పెరిగింది.

దాన్ని కట్టిన శిల్పి గురించి ఇంకొక సంగతి ఉంది. కాన్‌స్టాంటినోపుల్‌లో మహా చర్చి గుమ్మటం భూకంపానికి బీటలిచ్చి కొంత కూలితే, బాగు చెయ్యడానికి అంత దూరం నుంచి ఈయన్ని పిలిపించుకున్నారు. అక్కడ ఈయన వేసిన అతుకు ఈనాటికీ నిలిచి ఉంది. సొంత ఊళ్ళో కట్టిన గుమ్మటం మాత్రం మరో భూకంపంలో పడిపోయింది. ఏడు వందల ఏళ్ళుగా ఆ చర్చి నడినెత్తిన గుండ్రటి ఖాళీ. అందులోంచి ఆకాశం.

ఏడాదికొకసారి ఈ పాఠం చెప్పేవాణ్ణి. మిగతా పాఠాలకి కాగితాలు తీసుకెళ్ళేవాణ్ణి, దీనికి ఉత్త చేతులతో వెళ్ళేవాణ్ణి.

మాది జమీందారీ కుటుంబం. ఈ మాట కాలేజీలో నేనెప్పుడూ అనలేదు, అనకపోయినా అందరికీ తెలుసు. మా కోట గోడల రాళ్ళు కొన్ని పశువుల శాలల్లోకీ, కొన్ని కాలవ గట్ల లోకీ పోయాయి. ఆ స్థలం తర్వాత ప్లాట్లయింది. నా వంతుకు ఇంటిపేరూ, చొక్కాకి పై గుండీ దాకా పెట్టుకునే అలవాటూ మిగిలాయి. స్టాఫ్ రూములో నన్ను రాజావారు అనేవారు. అందులో వెటకారం పాలు ఎంతో, మర్యాద పాలు ఎంతో నేను విడదీసి చూడలేదు. పిలిస్తే పలికేవాణ్ణి. ఒక పెద్ద కట్టడం దాని నెత్తి మీద ఏమీ లేకుండా అంత నిటారుగా ఎలా నిలబడగలదో నాకు మాత్రమే అర్థమైందని ఒక నమ్మకం ఉండేది. ఆని నాది అనుకునేవాణ్ణి.

అప్పుడు అతను వచ్చాడు.

స్ట్రక్చర్స్, అంటే కట్టడాల బలం లెక్కలు, చెప్పడానికి చేరాడు, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. గాజువాక మనిషి. తండ్రి స్టీల్ ప్లాంటులో చేసేవాడు. గట్టిగా నవ్వేవాడు, క్యాంటీన్లో పిల్లల ప్లేట్లోంచి బజ్జీ తీసుకుని తినేవాడు, ఆఫీసు గుమాస్తా నుంచి బస్సు డ్రైవరు దాకా అందరినీ బావా అనేవాడు. నన్ను మాత్రం సార్ అనేవాడు. ఒకరోజు ఆని పాఠం జరుగుతుండగా వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. క్లాసు అయ్యాక నా వెంట వరండాలోకి వచ్చాడు.

"సార్, ఆ గుమ్మటం ఎందుకు పడిందంటారు?"

"భూకంపం అని చెప్పాను కదండీ."

"భూకంపం గోడలకీ వచ్చింది గదా. అవి నిలబడ్డాయి. అదొక్కటే పడింది. ఏటి తేడా?"

నాకు తెలిసినంత చెప్పాను. రాయి అగ్నిపర్వతపు బూడిద గట్టిపడినదనీ, కోసేటప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడుతుందనీ, మా వైపు ఎర్రరాయిది కూడా ఇదే గుణమనీ, గోడకి రెండు వైపులా పలచని చెక్కుడు రాళ్ళు పెట్టి మధ్యలో సున్నమూ రాళ్ళముక్కలూ పోసేవారనీ. అతను నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"అంటే పైకి కనపడే రాయి ఒట్టి సెంట్రింగేనన్నమాట. బరువు మోసేది లోపలున్న మాలు. మనం కాంక్రీటుకి చెక్క పెట్టి తీసేత్తాం, ఆళ్ళు రాయి పెట్టి ఒదిలేసినారు."

నేను ఏళ్ళ తరబడి చెక్కుడు రాళ్ళ అందం గురించి చెబుతూ వచ్చాను. అతని మాట తప్పు కాదు. అది తప్పయితే బాగుండునని ఆ రోజంతా నాకనిపించింది.

ఆ తర్వాత పిల్లలు ఆని గురించి అనుమానాలు అతని దగ్గరికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. అతని బల్ల చుట్టూ ఎప్పుడూ ఒక గుంపు. గుంపులోంచి నవ్వులు. నా బల్ల కిటికీ పక్కన ఉండేది, వెలుతురు బాగా వచ్చేది, అంతే.

మరుసటి ఏడు ఒక పిలుపు వచ్చింది. భూకంపాలకి దెబ్బతిన్న రాతి కట్టడాలను పరిశీలించడానికి రకరకాల దేశాల నుంచి ఉపాధ్యాయుల్ని ఆనికి తీసుకెళ్తారట. మా కాలేజీ ఒక్కరినే సిఫార్సు చెయ్యవచ్చు. నేను అడిగాను. అతనూ అడిగాడు. నా ఉద్యోగానికి అది చివరి ఏడాది. ఇప్పుడు వెళ్ళకపోతే మరి వెళ్ళేది లేదు. సొంత డబ్బుతో అంత దూరం పోగల స్థితి నాది కాదు, ఒకరిని అడిగే స్వభావమూ నాది కాదు.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. నెమ్మదైన ఆవిడ, మొహమాటం ఎక్కువ.

"కూర్చోండి సార్."

"పర్లేదండీ."

"ఆ చర్చి అంటే మీకెంత ఇష్టమో నాకు తెలుసు. కాని వెళ్ళొచ్చిన మనిషి ఇంకో పదేళ్ళు పిల్లలకి చెప్పాలి కదండీ. మీరు ఏప్రిల్లో రిటైరవుతున్నారు."

"మీ ఆలోచన సరైనదే," అన్నాను.

సరైనదే. అందుకే అంత మండింది. అన్యాయం జరిగి ఉంటే కనీసం ఒక కోపమైనా నాకు దక్కేది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సులో నిలబడి, అతని పాస్‌పోర్టు పోతే బాగుండును, విమానం తప్పిపోతే బాగుండును అని చిన్నపిల్లాడిలా ఒక్కొక్కటే అనుకుంటూ వెళ్ళాను. నా స్టాపు దాటిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అతను టిఫిన్ డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నామీద కోపంగా ఉన్నారా సార్?"

"కోపమెందుకండీ."

"ఉంటాది సార్. నాకైతే ఉంటాది." డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఒకటడుగుతాను. అక్కడేటి సూడాలో నాకు తెలీదు. నాను ఎల్లి గోడలు కొలుసుకొనొచ్చేత్తాను, అంతే. మీరు నేర్పండి. మీరు సెప్పినవన్నీ మీ బదులు నాను సూసొత్తాను."

ఎంత మంచి మాట. వినగానే చెంప మీద కొట్టినట్టయింది. నా బదులు చూస్తాడట. చెప్పకుండా ఊరుకుంటే అతను సగం గుడ్డివాడిలా తిరిగొస్తాడు, ఆ సంగతి నాకు తెలుసు. కాని మా ఇంట్లో ప్రయాణమై వెళ్ళే మనిషిని వట్టి చేతులతో పంపే అలవాటు ఎప్పుడూ లేదు. ఇంట్లో ఏమీ మిగలని రోజుల్లో కూడా లేదు. కుర్చీ లాక్కోమన్నాను.

క్లాసులయ్యాక రోజూ కూర్చునేవాళ్ళం. తూర్పు గోడ బయటివైపు త్రికోణపు గూళ్ళు ఎందుకున్నాయో, పడమటి తలుపులోంచి అడుగుపెట్టగానే ఎక్కడ ఆగాలో, స్తంభపు మోపులో ఏ కర్ర ఏ కమానులోకి పాకుతుందో వేలితో చూపించి చెప్పాను. ఏదీ దాచలేదు. చెబుతున్న ప్రతి ముక్కా నా దగ్గర్నుంచి తరిగి అతని దగ్గర పెరుగుతున్నట్టు ఉండేది. డ్రాయింగు మాస్టారు, నా ఈడువాడు, మా పక్కనుంచి వెళుతూ ఊరుకోలేకపోయాడు.

"రాజావారూ, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసేది తమరు. తాళి కట్టేది గాజువాక వారు."

అతను పడిపడి నవ్వాడు. నేనూ నవ్వినట్టు పెదవులు కదిపాను.

అతను వెళ్ళాడు. అక్కణ్ణుంచి కబురు పంపాడు, చర్చి దగ్గరికి వెళ్ళే రోజున ఫోనులో వీడియో కాల్ చేస్తాననీ, క్లాసంతా తెర మీద చూడొచ్చనీ. ప్రిన్సిపాల్ గారు కాలేజీ మొత్తానికి చెప్పారు. ఆ రోజు సెలవు పెడదామనుకున్నాను. పెడితే ఎందుకు పెట్టానో అందరికీ తెలిసిపోతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి ముందు వరసలో నిలబడ్డాను.

తెర మీద మొదట గాలి చప్పుడు వచ్చింది, తర్వాత పసుపుపచ్చ హెల్మెట్, దాని కింద అతని మొహం.

"అందరికీ నమస్కారం. ఇనపడతందా? ఇదిగోండి, సూడండి."

ఫోను తిప్పాడు. పిల్లలు ఒక్కసారి ఊపిరి లోపలికి లాగిన చప్పుడు నాకు వినిపించింది. గడ్డి, కొండలు, వాటి మధ్య అది. ఫొటోల్లో ఆ రాయి గోధుమరంగు. ఇది గోధుమరంగు కాదు, కాలే బొగ్గు మీద బూడిద కప్పినప్పుడు లోపలినుంచి కనపడే ఎరుపు. చుట్టూ ఇనుప పైపులు, పరంజా, కంచె. గోడ వెంబడి నడుస్తూ గూళ్ళు చూపించాడు. సన్నటి జంట స్తంభాల మీద గీసినట్టున్న కమానుల వరస చూపించాడు. రాణి చెక్కించిన రాత చూపించాడు. అన్నీ నేను చెప్పిన వరసలోనే. ప్రతిదానికీ "సార్ సెప్పినారు కదా, అదే ఇది" అంటున్నాడు. ఆ మర్యాద కూడా నాకు గుచ్చుకుంటూనే ఉంది.

తలుపు దగ్గర ఆగిపోయాడు.

"లోపలికి బ్యాచీలుగా పంపుతన్నారు. మా వొంతు ఇంకా రాలేదు. ఎంతసేపో తెలీదు."

"అయితే లోపల చూడలేమా సర్?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"మీ దగ్గర సారున్నారు గదేటి. ఆయన్నడగండి. నానూ ఇక్కడ నిలబడి ఇంటాను."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. అబద్ధమెందుకు, నా ఒళ్ళు తేలికైంది. నా సీటు పట్టుకుని వెళ్ళిన మనిషి గోడ అవతల ఆగిపోయాడు. నేను లోపలికి వెళ్ళబోతున్నాను.

బెంచీలు పక్కకు జరిపించాను. సుద్దతో నేల మీద ప్లాను గీశాను. నలుగురు పొడుగుపాటి కుర్రాళ్ళను స్తంభాల చోట నిలబెట్టి, చేతులు పైకెత్తి ఒకరి వేళ్ళకు ఒకరి వేళ్ళు మొనదేరేలా ఆనించమన్నాను. గోడల వెంట మిగతావాళ్ళు. పెందుర్తి నుంచి వచ్చే ఒక అమ్మాయిని వాయవ్య మూల నిలబెట్టాను.

"నువ్వు కూర్చోమ్మా. ఆ మూల నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, ఇంకొక భూకంపానికి పడిపోయింది."

"నానే ఎందుకు పడాలి సర్?"

"ఎవరో ఒకరు పడాలి."

క్లాసు నవ్వింది. నా క్లాసులో అంత నవ్వు ఎప్పుడూ లేదు. పడమటి తలుపులోంచి నేను లోపలికి నడిచాను. చేతులెత్తిన కుర్రాళ్ళ మధ్యనుంచి, ఇక్కడ వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ, అందుకే మనిషి చూపు తనంతట తానే పైకి పోతుంది అని చెబుతూ నడిచాను. మధ్యలో ఆగి, తలెత్తి, ఇక్కడ గుమ్మటం ఉండేది అన్నాను. ప్రిన్సిపాల్ గారు కూడా తలెత్తి ఫ్యాను వైపు చూశారు. తెర మీద అతను గోడకి చెవి ఆనించినవాడిలా తల వంచుకుని, ఫోను మొహానికి దగ్గరగా పట్టుకుని వింటున్నాడు. అంత దూరం వెళ్ళిన మనిషి, ఆ గోడకి మూరెడు దూరంలో నిలబడి, గోడ లోపల ఏముందో మధురవాడ నుంచి నేను చెబితే వింటున్నాడు. నా ఉద్యోగ జీవితంలో అంతకన్నా మంచి పాఠం నేను చెప్పలేదు.

"సార్," అన్నాడు అతను ఉన్నట్టుండి. "మా వొంతొచ్చింది. ఎల్తన్నాను."

ఒక్క క్షణంలో చేతులన్నీ దిగిపోయాయి. స్తంభాలు తెర వైపు తిరిగాయి. సుద్దగీతల మధ్య నేనొక్కణ్ణే ఉన్నాను.

తెర మీద బొమ్మ గిరగిరా తిరిగింది. అతను వంగుతున్నాడు. ఏదో పరాయి భాషలో ఒకాయన గట్టిగా కేకలేస్తున్నాడు. "వన్ మినిట్ సార్, వన్ మినిట్," అంటున్నాడు ఇతను.

"ఏం జరుగుతోంది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"బూట్లు ఇప్పేత్తన్నారు మేడం," అంది పెందుర్తి అమ్మాయి. "రాళ్ళు పడే సోట. సేఫ్టీ ఆయన తిడతన్నాడు."

క్లాసు ఘొల్లుమంది. సైటు మీద బూట్లు లేకుండా అడుగుపెడితే మార్కులు కోస్తానని ప్రతి బ్యాచినీ బెదిరించే మనిషి అతను. నెత్తి మీద హెల్మెట్, కాళ్ళకి ఏమీ లేదు. గడప కనపడగానే చేతులు వాటంతటవే బూట్ల దగ్గరికి పోయి ఉంటాయి, గుడి ముందు ఎవరికైనా పోయినట్టే.

అతను లోపలికి వెళ్ళాడు. నవ్వులు ఆగిపోయాయి, ఎందుకంటే తెర మీద ఇప్పుడు నేల కనిపిస్తోంది. ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి వేలాడిపోయింది. విరిగిన రాతిపలకలు, మట్టి, ఎక్కడినుంచో పడుతున్న ఒక ఎండచారిక, అందులో అతని వట్టి కాళ్ళు. కాలి బొటనవేలికి ఒక గడ్డిపరక అంటుకుని ఉంది. కాళ్ళు కొంచెం నడిచి ఆగాయి. ఎక్కడ ఆగాయో నాకు తెలుసు. ఆ పైన అవి కదల్లేదు. లోపల పావురాలున్నట్టున్నాయి, రెక్కల చప్పుడొకటి వచ్చింది.

అతను మమ్మల్ని మరిచిపోయాడు.

పాఠం చెప్పిన మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"సార్, ఫోను పైకెత్తమనండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "పిల్లలు గుమ్మటం ఉండిన చోటు చూడాలి కదా."

పిల్లలు చూడాలి. నేనూ చూడాలి. ఒక్క మాట అంటే ఆ గుండ్రటి ఆకాశం తెర మీదికి వస్తుంది. మళ్ళీ ఎప్పటికీ రాదు. అతనికి వినపడేలా పేరు పెట్టి పిలవడానికి నోరు తెరిచాను కూడా.

ఆ కాళ్ళు చూస్తూ ఉండిపోయాను. ఆ చర్చి గురించి నాకు తెలియనిది లేదు. ఎవరు మొదలుపెట్టారో, ఎవరు ముగించారో, ఎప్పుడు మసీదైందో, మళ్ళీ ఎప్పుడు చర్చి అయిందో అన్నీ చెప్పాను. మసీదైన రోజుల్లో ఆ గడప దగ్గర వరసగా చెప్పులుండి ఉంటాయి. నా పాఠంలో మాత్రం ఏ ఒక్కరూ చెప్పులు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఇంతకుముందే కదా, అదే చర్చిలోకి సుద్దగీత దాటి బూట్లతోనే నడిచాను.

"ఉండనివ్వండి మేడం," అన్నాను.

మైకు ఆపేసి బల్ల మీద పెట్టాను. క్లాసంతా ఆ కాళ్ళనే చూస్తూ నిలబడింది. చాలాసేపటికి సిగ్నల్ పోయి తెర నల్లబడింది.

తిరిగొచ్చిన రోజున అతను నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చాడు. ఎండకి నల్లబడ్డాడు, మనిషి కొంచెం తగ్గాడు.

"కోప్పడకండి సార్. మీరు సెప్పిన వొరసంతా బయట సూసినాను. లోపలికెల్లాక ఒక్కటీ సూడలేదు. ఏటి సూసినానో కూడా సెప్పలేను."

"స్తంభాలు?"

"ఉన్నాయి."

"కమానులు మొన దగ్గర ఎలా కలిశాయి?"

"తెలీదు సార్. అలా నిలబడిపోయినాను, అంతే. ఆ సేఫ్టీ ఆయనొచ్చి సెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చీదాకా."

అతను వంద సంగతులు చెప్పి ఉంటే అందులో పది తప్పులు పట్టేవాణ్ణి, ఆ పదితో నా మిగిలిన రోజులు హాయిగా గడిచేవి. ఏమీ చెప్పలేనన్న మనిషిలో ఏ తప్పు పట్టను?

ఆని పాఠం ఇప్పుడు అతనే చెబుతున్నాడు. బయటి గోడల దాకా అచ్చం మీలాగే చెబుతారు సర్, అని పిల్లలు నాతో అంటారు. లోపలి భాగం రాగానే ఒక నిమిషం ఊరుకుంటాడట. నా దగ్గర ఆ చర్చి లోపలిది ప్రతి రాయీ ఉంది. నా మాట ఆపి ఊరుకోబెట్టేది మాత్రం ఏదీ లేదు.